చోటుతో పాటు వేళ: తోపుడు బండ్లవాళ్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా హైదరాబాద్‌లో మన బండ్ల దగ్గర ఏ పద్ధతి నిలబడింది, ఏది బెడిసికొట్టింది, ఎందుకు అన్నదే ఈ నివేదిక. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా చేతికిస్తాం కాబట్టి ఇక్కడ రూపాయల లెక్క వెతకొద్దు. టిఫిన్, మిర్చి బండ్లవాళ్ల నుంచి పండ్లు, పూలు, బట్టలు, పాత పుస్తకాలు అమ్మేవాళ్లు, టీవీఎస్ ఎక్సెల్ మీద కొబ్బరి బోండాలు వేసుకుని తిరిగేవాళ్లు, కారు డిక్కీలో బిర్యానీ గిన్నెలు పెట్టుకుని ఐటీ ఆఫీసుల దారిలో నిలబడేవాళ్ల దాకా అందరినీ దృష్టిలో పెట్టుకుని రాశాం. వంట బండ్ల గురించి కాస్త ఎక్కువే ఉంటుంది. మంట, నూనె, నీళ్లు మూడూ ఉన్నచోటే తప్పులూ ఎక్కువ.

కమిటీ ముందుకొచ్చే తగాదాలు చోటు తగాదాలుగానే మొదలవుతాయి. కూర్చోబెట్టి మాట్లాడిస్తే వేళ తగాదాలుగా తేలతాయి. రోడ్డు మీద చోటు ఏ ఒక్కరి సొత్తూ కాదు. కానీ ఫలానా చోట ఫలానా రెండున్నర గంటలు ఫలానా బండిది అంటే పక్క బండి, షాపు, నడిచేవాళ్లు అందరూ ఒప్పుకుంటారు. ఈ ఏడాది మన పనంతా దాని చుట్టూనే తిరిగింది.

ఒకే మెట్టు, మూడు బేరాలు

బజారులో ఒక బట్టల షాపు మెట్టు చూడండి. పొద్దున 6 నుంచి తొమ్మిదిన్నర దాకా షట్టరు మూసే ఉంటుంది, టిఫిన్ బండికి గిరాకీ అప్పుడే. 10 గంటలకు షట్టరు లేస్తుంది. రాత్రి షాపు కట్టేశాక అదే మెట్టు పక్కన కుల్ఫీ బండి నిలబడుతుంది. ముగ్గురిలో ఎవరూ ఎవరికీ అడ్డం కారు, టిఫిన్ బండి పావుతక్కువ పది దాకా సాగదీస్తే తప్ప.

ఆ సాగదీత వచ్చేది పెనం దగ్గర. దోసె పెనం మందపాటి ఇనుము. మంట ఆపాక చేతులతో ఎత్తేంత చల్లబడడానికి 20 నిమిషాలైనా పడుతుంది. తొందరపడి నీళ్లు గుమ్మరిస్తే వంగిపోతుంది, మర్నాటి నుంచి దోసె నడుమ మాడి అంచున పచ్చిగా వస్తుంది. అందుకని తొమ్మిదిన్నరకు కదలాల్సిన బండి 8:50కి చివరి దోసె పోయాలి. పొయ్యి ఆపాక వచ్చినవాళ్లకు ఇడ్లీ, వడ మాత్రమే. 9 గంటలకు ఎంగిలి ప్లేట్ల బకెట్లు కట్టేయాలి, 9:15కి పెనం ఎత్తాలి, మడత బల్ల దించాలి. చివరి పది, పదిహేను నిమిషాలు నేలకు వదిలేయాలి. మనవాళ్లు సాధారణంగా కోత పెట్టేది ఈ నేల టైముకే, ఫిర్యాదు ఫొటో వచ్చేదీ ఆ నేలదే.

నూనె మరక మీద ముందే నీళ్లు పోస్తే జిడ్డు మెట్టంతా పరుచుకుంటుంది. రెండు గుప్పిళ్ల రంపపు పొట్టు గానీ బూడిద గానీ చల్లి, పది నిమిషాలు ఆగి, గట్టి చీపురుతో ఊడ్చి సంచిలోకి ఎత్తాలి. ఆ తర్వాతే సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు. కడిగిన నీళ్లలో మెతుకులు, చట్నీ తొక్కు లేకుండా జల్లెడ పట్టాలి. వాన నీళ్ల మోరీలో ఎంగిలి పోస్తే వారం తిరక్కముందే వాసన, ఎలుకలు. అప్పుడు షాపాయన కాదు, వీధంతా మన మీదికి వస్తుంది.

షాపువాళ్లతో మాట్లాడుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. మెట్టు ఆయనది కావచ్చు, దాని ముందున్న ఫుట్‌పాత్ ఆయనది కాదు. ఫుట్‌పాత్‌కు రోజు కిరాయి అడిగితే ఇవ్వాల్సిన పని లేదు, ఇచ్చి అలవాటు చేయొద్దు. దానికి బదులు నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోండి: ఎన్నింటికి కదులుతాం, ఎంతవరకు కడుగుతాం, బోర్డుకు ఏమీ తగిలించం, పండగ సీజన్లో షాపు తొందరగా తెరిచే రోజులు ముందే చెప్పాలి. దసరా, రంజాన్ నెలల్లో గొడవలు రాకుండా కాపాడేది ఈ నాలుగో ముక్కే.

వేళ పంపకానికి అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారును మించిన ఉదాహరణ మన ఊళ్లో లేదు. దశాబ్దాలుగా ఆదివారం మూసిన షాపుల ముందు పట్టాలు పరుచుకుని పాత పుస్తకాలు పేర్చుతున్నారు. సోమవారం షట్టర్లు లేచేసరికి నిన్నటి సంత ఆనవాలు ఉండదు. అక్కడ పట్టా కింద ఇంకో పట్టా వేయడం చూసే ఉంటారు. వాన చినుకు పడగానే పై పట్టా నాలుగు మూలలూ ఎత్తి మూటగా కట్టేస్తారు, నేలనున్న పట్టా తడి ఆపుతుంది. పిల్లల బట్టలు, చెప్పులు నేల మీద పరిచేవాళ్లు కూడా ఈ రెండు పట్టాల పద్ధతికి మారడం మంచిది.

ఎవరికి ఏ చోటు, ఏ వేళ

కూలీల అడ్డాల మీద బేరం తెల్లవారుజామునే. మేస్త్రీ వచ్చి పిలిచేలోపు తిని, డబ్బాలో కట్టించుకుని పోవాలి. ప్లేటు కోసం ఐదు నిమిషాలు నిలబెడితే మనిషి వెళ్లిపోతాడు. అక్కడ దోసె కన్నా పులిహోర, ఇడ్లీ, ఉప్మా లాంటి ముందే చేసి పెట్టుకునేవి నడుస్తాయి. పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర రోగులతో వచ్చినవాళ్లకు కావలసింది వేడి నీళ్లు, రాగి జావ, పాలు, చాప, బకెట్టు, మగ్గు. ఒకే బండి మీద ఇవన్నీ పెట్టుకున్నవాళ్లకు రోజంతా గిరాకీ ఉంటుంది. ఒకటే షరతు: అంబులెన్సు మలుపు తిరిగే మూల ఖాళీగా ఉండాలి. గేటుకు ఎదురుగా కాకుండా గోడ వారగా నిలబడండి. బడి గేటు దగ్గర పని 20 నిమిషాలే. చిల్లర విడిగా, సరుకు పొట్లాలు కట్టి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎండ లెక్క కొత్తవాళ్లకు ఒకసారి చెప్పాలి. రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంటే, పొద్దున నీడ తూర్పు వైపు ఫుట్‌పాత్ మీద, మధ్యాహ్నం తర్వాత పడమర వైపు ఫుట్‌పాత్ మీద పడుతుంది. పూలు, ఆకుకూరలు, ద్రాక్ష అమ్మేవాళ్లు మిట్టమధ్యాహ్నం ఎదురు ఫుట్‌పాత్‌కు మారితే గొడుగు లేకుండానే సరుకు నిలుస్తుంది. రోడ్డు తూర్పు పడమరలుగా పోతే మాత్రం ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఏ వైపైనా నీడ అంతంతే, చెట్టే దిక్కు. చెట్టుకు మేకు కొట్టొద్దు. పాత సైకిల్ ట్యూబు చుట్టి దానికి తాడు కడితే బరువు ఆగుతుంది, బెరడు కోసుకుపోదు.

ఫ్లైఓవర్లు, మెట్రో పిల్లర్లు మన వ్యాపారానికి రెండు పనులు చేశాయి. ఒకటి నీడ. రెండోది చిరునామా: మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఏ బండి ఎక్కడుందో చెప్పాలంటే పిల్లర్ నంబరు చాలు. బండి మీద, క్యూఆర్ పక్కన ఆ నంబరు పెద్దగా రాయించండి, ఫోన్లో దారి చెప్పే బాధ తప్పుతుంది. కాకపోతే పిల్లరును ఎంచుకునే ముందు తలెత్తి చూడండి. పైన రోడ్డు మీది వాన నీళ్లు దిగే పైపు కొన్ని పిల్లర్ల వెంట ఉంటుంది. చిన్న వానకే ఆ పైపు కింద ధార పడి కడాయిలో నూనె చిమ్ముతుంది. పైపు లేని పిల్లరు చూసుకోండి. డివైడరు మీద మాత్రం ఎవరూ బండి పెట్టొద్దని కమిటీ తీర్మానం. కొనేవాడు రోడ్డు దాటి రావాలి, దాటి పోవాలి. ఆ ప్రమాదానికి తగిన బేరం ఏదీ లేదు.

నడిచేవాళ్లకు అడ్డం లేని కొలత కనీసం 1.8 మీటర్లు, అంటే ఇంచుమించు ఆరడుగులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ఇది. మన ఊళ్లో ఫుట్‌పాతే ఆరడుగులు లేని వీధులు బోలెడు. అలాంటిచోట ఫుట్‌పాత్ మీద కాకుండా గల్లీ మొదట్లోనో, పాత కాంపౌండు గోడ లోపలికి జరిగిన సందులోనో చోటు వెతకాలి. కొలిచేటప్పుడు బండి నుంచి కొలవకండి, బండి ముందు నిలబడి తినేవాళ్ల వీపు నుంచి కొలవండి. మనిషి, చేతిలో ప్లేటు కలిపి రెండడుగులు తీసుకుంటాయి. అందుకే బండిని గోడకు ఆనించకుండా రెండున్నర అడుగులు వదిలి, తినేవాళ్లను గోడ వైపు నిలబెట్టే అమరిక మేలు. వాళ్ల వీపుకు రోడ్డు ఉండదు, ప్లేటు పెట్టుకోవడానికి గోడ అంచు దొరుకుతుంది.

బట్టలవాళ్లు గోడకు మేకులు కొట్టడం మానేయాలి. ఇంటివాళ్లతో తగువంతా అక్కడే మొదలవుతుంది. 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు జాలీ ఫ్రేములు రెండింటిని పైన బందులతో కలిపితే నిచ్చెనలా తనంతట తాను నిలబడుతుంది. కాళ్లు మరీ జారిపోకుండా మధ్యలో గొలుసు వేయాలి. ఒక్కో కాలికి 5 లీటర్ల నీళ్ల క్యాను కడితే మామూలు గాలికి పడదు. సాయంత్రం నీళ్లు పారబోసి మడిస్తే బండి కింద పడుకుంటుంది.

బండి, గ్యాసు, దీపం

మామూలు తోపుడు బండి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఆ వెడల్పే మనకు శత్రువు. కొత్తగా చేయించుకునేవాళ్లు నడుమ భాగం 3 అడుగులే పెట్టించి, కొనేవాళ్ల వైపు అడుగు వెడల్పు మడత బల్ల పెట్టించుకోండి. బల్ల కింద ఆసరా కడ్డీ రెండు వైపులా ఉండాలి. ఒక్క వైపే ఉంటే మోచేయి ఆనించగానే బందు మేకులు ఊడివస్తాయి. బందును మేకులతో కాకుండా నట్టు బోల్టుతో బిగించండి.

వాన నీళ్లలో తిరిగిన చక్రం బేరింగు లోపల తుప్పు పడుతుంది. బండి ఒక పక్కకు లాగుతుంటే అదే కారణం. వానాకాలంలో రెండు వారాలకోసారి గ్రీజు పెట్టాలి. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి తీయకుండా పైన కొత్తది పూస్తే లోపలి ఇసుక అలాగే నూరుతుంది. బండికి బ్రేకు ఉండదు కాబట్టి పల్లం వైపు రెండు చక్రాలకూ చెక్క చీలలు పెట్టి, వాటిని తాడుతో బండికే కట్టేయండి. ఇటుక పెట్టేవాళ్లు పోయేటప్పుడు దాన్ని రోడ్డు మీదే వదిలేస్తున్నారు, రాత్రి ఏ స్కూటరువాడో పడుతున్నాడు.

గ్యాసు దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తప్పు అందం కోసం చేసేది. బండి చుట్టూ కింద దాకా ఫ్లెక్సీ కట్టేస్తారు. వంట గ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే కిందికి దిగి ఆ ఫ్లెక్సీ లోపల నిలుస్తుంది. పైన అగ్గిపుల్ల గీసే సమయానికి కింద గది నిండి ఉంటుంది. ఫ్లెక్సీ కావాలంటే నేల నుంచి అడుగున్నర పైకే ఆపండి, సిలిండరున్న వైపు అసలే వద్దు. సిలిండరు నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే రెగ్యులేటరులోకి ద్రవం వచ్చి మంట ఒక్కసారిగా లేస్తుంది. వ్యాపారానికి 19 కిలోల సిలిండరు, చిన్న పనికి 5 కిలోలది. ఇంటికిచ్చే 14.2 కిలోలది బండి మీద కనబడితే జప్తు చేస్తారు, అక్కడ వాదించడానికి ఏమీ ఉండదు.

5 కిలోల సిలిండరుకు పెద్ద బర్నరు తగిలిస్తే అరగంటకే సిలిండరు బయట మంచు పట్టి మంట తగ్గిపోతుంది. గ్యాసు అయిపోలేదు. ద్రవం ఆవిరయ్యే వేగం కన్నా మనం లాగే వేగం ఎక్కువ, అంతే. వేడి నీళ్లు పోయడం, పొయ్యికి దగ్గరగా జరపడం చావు కొనితెచ్చుకోవడమే. బర్నరు తగ్గించండి, లేదా 19 కిలోలదానికి మారండి. గాలికి మంట ఆరిపోతోందని పొయ్యి చుట్టూ రేకు పెట్టేవాళ్లు మూడు వైపులే పెట్టి, పైపు వచ్చే వైపు వదలాలి. నాలుగు వైపులా మూస్తే వేడంతా పైపు మీదికి మళ్లుతుంది. ప్రతి సోమవారం పైపు బిగింపుల దగ్గర సబ్బు నురుగు పూసి చూడండి. బుడగ వస్తే ఆ పూట పొయ్యి లేదు.

దీపానికి కరెంటు స్తంభం నుంచి తీగ లాగడం చట్టానికి విరుద్ధమే కాదు, ఒంటికి కూడా ప్రమాదం. వానలో ఇనుప బండి మొత్తం షాకు కొడుతుంది. 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, చార్జి పట్టే కొలత) మామూలు బ్యాటరీలో ఉన్న చార్జిలో సగమే వాడాలి. ఆ సగంతో 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి 6 గంటలు వెలుగుతుంది. రెండు బల్బులు పెట్టి 6 గంటలూ లాగితే బ్యాటరీ కొన్ని నెలలకే చతికిలపడుతుంది, తర్వాత తప్పు కంపెనీ మీదికి నెట్టేస్తాం. రెండు 9 వాట్ల బల్బులు కావాలంటే 12 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి, దాని చార్జరు కూడా దానిదే వాడండి. బల్బు తెల్లటిది కాకుండా కాస్త పసుపు రంగుది అయితే మిర్చి, పునుగులు కళ్లకు బాగుంటాయి. పండ్లకూ పూలకూ తెలుపే మేలు.

పట్టా కప్పు గురించి ఒక్క మాట. చదునుగా కడితే నడుమ నీళ్లు నిలుస్తాయి. ఒక చదరపు మీటరు మీద 2 సెంటీమీటర్ల నీళ్లంటే 20 కిలోల బరువు, సన్నటి పైపు వంగేది అందుకే. నడుమ గుంజ మూలల కన్నా ఒక జానెడు ఎత్తుండాలి, వాలు రోడ్డు వైపు కాకుండా వెనక్కి ఉండాలి.

తిండి విషయం

2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. మోమో, షవర్మా బండ్లు ఇబ్బంది పడ్డ మాట నిజమే, కానీ కమిటీ ఈ నిషేధాన్ని సమర్థించింది. ఫ్రిజ్ లేని బండి మీద పచ్చి గుడ్డు సాయంత్రమంతా బయట ఉండకూడదు. గుడ్డు లేని ప్యాకెట్ మయొనైజ్ వాడేవాళ్లు కూడా సీసా తెరిచాక ఐసు పెట్టెలోనే ఉంచాలి. చవకైన బదులు కూడా ఉంది: లీటరు గట్టి పెరుగు గుడ్డలో కట్టి, చల్లటి చోట మూడు, నాలుగు గంటలు వేలాడదీస్తే దాదాపు సగానికి దిగుతుంది. అందులో ఉప్పు, మిరియాల పొడి, నూరిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు. చిన్న గిన్నెలో కొంచెం కొంచెం తీసి వాడండి, రాత్రికి మిగిలింది పారేయండి. పొద్దుటికి దాస్తే పులిసిపోతుంది, ఆ పులుపును వెల్లుల్లితో కప్పే ప్రయత్నం చేయొద్దు.

వేయించే నూనెలో ఫుడ్ సేఫ్టీవాళ్లు కొలిచేది టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినకొద్దీ అందులో పెరిగే పదార్థాలు. అది 25 శాతం దాటకూడదన్న నిబంధన 2018 జులై నుంచి ఉంది. మన దగ్గర ఆ మిషను ఉండదు కాబట్టి గుర్తులు చూసుకోవాలి: మిర్చి వేయగానే నురుగు అంచు దాకా లేచి దిగకపోవడం, ముందు కన్నా తక్కువ వేడికే పొగ రావడం, గరిటె నుంచి బొట్టు జిగురుగా సాగడం. పాత నూనెలో కొత్తది కలిపితే పాతది బాగుపడదు, కొత్తది చెడుతుంది. కడాయిలో రాలిన శనగపిండి తునకలు వాయి వాయికీ జల్లిగంటెతో తీసేస్తే నూనె ఎక్కువసేపు నిలుస్తుంది.

స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి దాని మీద వేడి ఇడ్లీ పెట్టడం ఇంకా చాలా బండ్ల మీద కనిపిస్తోంది. కడగడం తప్పుతుందని చేస్తున్న పని అది. మోదుగ విస్తరిని ప్లేటు కొలతకు కత్తిరించి వేస్తే కడగడమూ తప్పుతుంది, ఆవు తిన్నా చావదు. వార్తాపత్రిక కాగితంలో బజ్జీలు కట్టడం కూడా ఆపండి, అచ్చు సిరా నూనెకు దిగుతుంది.

కాగితాలు, అప్పులు, జప్తులు

2014 వీధి వ్యాపారుల చట్టం వేళ పంపకాన్ని గుర్తించింది. వంతు వేళ అయిపోగానే సామాను తీసేయాలని అందులోనే రాసి ఉంది. నగరంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మండళ్లు పెట్టుకున్నప్పుడు పసుపుకు అర్థం షరతుల మీద అనుమతి అని. మన పంపకాల కాగితాలు అక్కడే పనికొస్తాయి. వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. మహిళా సభ్యులు ఈసారి ఎన్నికకు ముందుకు రావాలి, పేర్లు ఇవ్వాల్సింది కార్యదర్శికే.

సామాను జప్తు చేస్తే చట్టం ప్రకారం జాబితా రాసి, సంతకం పెట్టి, నకలు ఇవ్వాలి. పాడైపోయే సరుకు అడిగిన రోజే, మిగతాది అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మనవాళ్లు ఓడిపోయేది జాబితా అడగకుండా బండి వెనక పరిగెత్తడం వల్ల. బండి పట్టుకుని లాగొద్దు. ఫోన్లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి, తేదీ, టైము చెబుతూ ఒక చిన్న వీడియో తీయండి, నకలు తీసుకోండి, ఆ పూటే ఆఫీసుకు వెళ్లండి. సిలిండరు నంబరు, కాటా నంబరు ముందే ఫోన్లో ఉంటే ‘మీది ఏది’ అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది.

వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం అప్పుల గడువు 2024 డిసెంబరు 31తో ముగియడంతో జనవరి నుంచి మనవాళ్ల దరఖాస్తులు ఆగిపోయాయి. ఈ నివేదిక రాసేలోపు, 2025 ఆగస్టులో, కేంద్రం పథకాన్ని పొడిగించింది. ఇక మీదట మొదటి అప్పు 10 వేలకు బదులు 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది మునుపటిలాగే 50 వేలు. అప్పులు 2030 మార్చి 31 దాకా ఇస్తారు. 7 శాతం వడ్డీ రాయితీ గడువుకు కట్టినవాళ్లకే వస్తుంది. ఖాతాలో వాయిదా రోజు డబ్బు లేకపోతే రాయితీ పోవడమే కాదు, తర్వాతి మెట్టు అప్పు కూడా ఆగుతుంది. గిరాకీ ఎక్కువుండే రోజు మర్నాటికి వాయిదా తేదీ పడేలా బ్యాంకులో అడగండి, కొన్ని శాఖలు ఒప్పుకుంటున్నాయి.

క్యూఆర్ కాగితం మీద రాత్రిపూట వేరేవాళ్ల కాగితం అంటించి పోయే మోసం ఉంది. పొద్దున బోణీకి ముందు మన ఫోన్‌తోనే స్కాన్ చేసి పేరు చూసుకోండి. డబ్బు పడగానే మాట్లాడే డబ్బా మూగబోయిందంటే నెట్ పోయిందని సరిపెట్టుకోకుండా ఖాతా చూడండి.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలున్నవాళ్లు తూనికలు కొలతల శాఖ ముద్ర కాగితం తెచ్చుకోండి. ఆ ముద్ర ఏడాదికోసారి వేయించాలి, గడువు దాటినవాటి జాబితా అక్కడే రాసి అందరివీ కలిపి తీసుకెళ్తాం. షాపువాళ్లతో రాసుకున్న వేళల కాగితం నకలు ఒకటి, బండి ఫొటో ఒకటి కార్యదర్శి దగ్గర ఇవ్వండి. గ్యాసు పైపు కొని ఐదేళ్లు దాటినవాళ్లు సమావేశం దాకా ఆగకుండా ఈ వారమే మార్చేయండి.